నేనెదురొస్తే ఆగే బళ్ళు

నమోదు 1. సోమవారం. ఎండ. సాయంత్రం మబ్బులు చేసే మిల్లువాళ్ళు వాన వదులుతామన్నారు, వదల్లేదు.

ఈ రాతపని నేను అడిగి తీసుకున్నది కాదు. మా గవ్వల వీధిలో రద్దీ తగ్గించుకోవడానికి ఏ ప్రయోగమైనా చేసుకోండి, కానీ వీధిలో ఉండే మనిషి ఒకరు జరిగిందంతా ఎప్పటికప్పుడు రాసిపెట్టాలి అని పురసంఘం షరతు పెట్టింది. నివాసుల సంఘం సమావేశంలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి అందరూ కలిసి నా మొహం చూశారు. "అక్కగారికైతే తీరికే కదా," అన్నారు అధ్యక్షుడు వీరభద్రం గారు. రేవులో ముప్ఫై ఏళ్ళు క్రేన్ నడిపి రిటైరైన ఆడమనిషికి తీరిక కాక ఇంకేముంటుందని ఆయన ఉద్దేశం. పొద్దున్నే చేపలు కడగాలి. మేడమీద ఉప్పునీళ్ళు వడకట్టే తొట్టి తోమాలి. ఒడియాలు ఎండబెట్టి, మబ్బుల మిల్లువాళ్ళు వాన వదిలేలోపు లోపల పెట్టాలి. ఈ పనులన్నీ వాటంతటవే అయిపోతాయని మా వీధి మగవాళ్ళ నమ్మకం.

అయినా ఒప్పుకున్నాను. ఈ రద్దీ తగ్గితేగాని మా అమ్మాయి నా ఇంటికి రాదు.

మా అమ్మాయి కేతకి అత్తవారిల్లు పక్కనున్న తెడ్ల వీధిలోనే. ఇప్పుడు ఆరో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కనుక ఏడో నెల రాగానే తెచ్చుకుందామనుకున్నాను. మా వియ్యపురాలు సీతారత్నం గారు ఫోన్‌లో, "ఏవీ అనుకోకండి వదినగారూ. మీ వీధిలో కాయలు అలా దూసుకుపోతుంటే కడుపుతో ఉన్న పిల్లని ఎలా పంపమంటారు? అవి తగ్గనివ్వండి, చూద్దాం," అన్నారు. ఆవిడ ఏవీ అనుకోకండి అని మొదలుపెట్టారంటే ఆ తర్వాత అనుకోవాల్సింది చాలా ఉంటుంది.

పురసంఘం పెద్దలు ఎగువ ఊళ్ళవాళ్ళు కనుక కాయ అంటే ఏమిటో రాయాలి. డ్రైవరు ఉండడు, చక్రాలు ఉండవు, నేలకు జానెడు ఎత్తున తేలుతూ పోయే బండి అది. చింతకాయలా ఉందని కాయ అన్నారు, అదే పేరైపోయింది. ఏ కాయ ఏ దారిన పోవాలో కాయల కంపెనీలో ఉన్న పెద్దబుర్ర అనే కంప్యూటరు చెబుతుంది. పెద్ద వంతెన మీద జనం ఎక్కువయ్యారని, ఓ రోజు పెద్దబుర్రకు మా వీధి అడ్డదారిగా కంటబడింది. అప్పటినుంచి మిల్లుకు వెళ్ళే షిఫ్టు జనమంతా మా గడపలు ఊడ్చుకుంటూ పోతున్నారు.

నమోదు 2. బుధవారం. ఎండ.

వీరభద్రం గారు దగ్గరుండి వీధిలో సిమెంటుతో పెద్ద స్పీడ్ బ్రేకర్లు పోయించారు. తేలే బండికి స్పీడ్ బ్రేకర్ ఏం చేస్తుందండీ అని అడిగాను. "చూస్తూ ఉండండక్కగారూ," అన్నారు.

చూశాను. కాయలు వాటి మీద మెత్తగా లేచి మెత్తగా దిగాయి. ఉయ్యాల ఊగినట్టుందని లోపలి జనానికి తెగ నచ్చింది. పెద్దబుర్ర వాళ్ళ ముచ్చట గమనించి, గవ్వల వీధిలో ప్రయాణం మహా హాయి అని మార్కులు వేసి, పెద్ద వంతెన మీద మిగిలిన కాయల్ని కూడా మాకే పంపింది. సాయంత్రానికి స్పీడ్ బ్రేకర్ తగిలి బోర్లా పడింది ఒక్క వీరభద్రం గారు.

నమోదు 3. శుక్రవారం. పొద్దున కొంచెం వాన, ఒడియాలు తడిశాయి.

వీధి మొదట్లో "మెల్లగా వెళ్ళండి" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు. కాయకు అక్షరం కనబడితే లోపల కూర్చున్నవాళ్ళకు చదివి వినిపించడం అలవాటు. ఒక్కో కాయ వచ్చి, మెల్లగా వెళ్ళండీ అని గొంతెత్తి చదివి, ఎప్పటిలాగే రివ్వున పోయింది. పొద్దుటినుంచి చెవులు గింగిర్లెత్తాయి. మధ్యాహ్నం నేనే వెళ్ళి బోర్డు పీకి, చేపలు కోసుకునే పీటగా పెట్టుకున్నాను. కర్ర మంచిదే.

నమోదు 4. సోమవారం. ఎండ.

ఈరోజు ఒక సంగతి జరిగింది.

వాకిట్లో కానగంత చేపలు కడిగి ఆ నీళ్ళు వీధిలో పారబోశాను. వాసనకు ఎదురింటి గోడమీది పిల్లి దూకి, రోడ్డుకు అడ్డంగా పరిగెత్తుకొచ్చింది. అంతే, వస్తున్న కాయ ఠక్కున ఆగిపోయింది. దాని వెనకది ఆగింది. ఆ వెనకదీ ఆగింది. ఎవరైనా ముందు వెళితే ఆ వెనక వెళదామని అన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడ్డాయి. ముందు వెళ్ళేవాళ్ళు లేరు. లోపలి జనం తలుపులు బాదుతున్నారు. నేను చేపల గిన్నె పట్టుకుని నోరు వెళ్ళబెట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది. కాయలు కొత్తగా వచ్చినప్పుడు మన ఊళ్ళో ఒక్కళ్ళూ ఎక్కలేదు. పిల్లి ఎదురొచ్చినా ఆగదట, తుమ్మినా లెక్క చేయదట, అలాంటి బండి ఎక్కి శుభకార్యాలకు ఎలా వెళతాం అని ఊరంతా ఊరేగింపు తీశారు. మా ఆయన కూడా వెళ్ళారు, జెండా పట్టుకుని మరీ. కంపెనీ దిగొచ్చి, మన శకునాలన్నీ కాయలకు నేర్పించింది. తుమ్మితే ఆగుతుంది. పిల్లి అడ్డం వస్తే ఆగుతుంది. కాసిని మంచినీళ్ళు తాగండి అని లోపలివాళ్ళకు గ్లాసు కూడా అందిస్తుంది. ఇదంతా మనం పట్టుబట్టి నేర్పించుకున్నదే.

వీరభద్రం గారికి చెబితే ఆయన కళ్ళు మెరిశాయి. రేపటినుంచి షిఫ్టు వేళకు ఇంటింటా చేపల నీళ్ళు వీధిలో పోయాలని తీర్మానం చేశారు. శాకాహారులైన పంతులుగారింటికి మినహాయింపు ఇచ్చారు.

నమోదు 5. గురువారం. మబ్బు, మిల్లువాళ్ళది కాదు, మామూలు మబ్బే.

పిల్లులతో పని చేయించడం మనిషి వల్ల కాదు. రెండు రోజులు బాగానే దాటాయి. మూడోనాటికి కడుపునిండా తిని, రోడ్డు మధ్యలో కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. అడ్డం వచ్చిన పిల్లి శకునం గానీ పడుకున్న పిల్లి శకునం కాదట. కాయలు వాటిని ఒడుపుగా తప్పించుకుని పోయాయి. వీరభద్రం గారు చీపురు పట్టుకుని ఒక పిల్లిని అటు నుంచి ఇటు తరమబోయారు. అది ఆయన మోకాలు గీరి తెడ్ల వీధికి వెళ్ళిపోయింది.

మిగిలిన వాటినైనా లేపుదామని మెత్తళ్ళ చేపల పళ్ళెం పట్టుకుని నేను రోడ్డు మీదకు దిగాను. ఎదురుగా వస్తున్న కాయ ఆగిపోయింది. పిల్లి కోసమేమో అనుకుని చూస్తే చుట్టుపక్కల ఒక్క పిల్లి కూడా కదలడం లేదు. నేను పక్కకు తప్పుకున్నాను. కాయ కదిలింది. మళ్ళీ దిగాను. ఆగింది. నన్ను చూసి వీరభద్రం గారి భార్య కూడా సరదాపడి దిగింది. కాయ ఆవిడకు గంట మోగించి, దణ్ణం పెట్టినట్టు కాస్త వంగి, ఇంకా హుషారుగా పక్కనుంచి పోయింది. నేను దిగితే మాత్రం మళ్ళీ ఆగింది.

"ఎందుకాగావే?" అని అడిగాను.

"ఎదురు బాగోలేదండీ. కాసేపాగి బయల్దేరతాను," అంది కాయ, ఎంతో మర్యాదగా.

లోపల కూర్చున్న మిల్లు కుర్రాడు నా వైపు చూడలేక గ్లాసులోకి చూస్తూ మంచినీళ్ళు తాగుతున్నాడు.

నమోదు 6. శనివారం. వాతావరణం చూడలేదు.

నిన్న రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

మా ఆయన పోయి ఏడేళ్ళయింది. నేను బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పుట్టినప్పటినుంచి పెట్టుకున్న బొట్టు, ఎవరో పోయారని ఎందుకు తీయాలి? మనుషులకు మొహమాటం ఉంటుంది, ఎదుట ఏమీ అనలేదు. కాయ నా బొట్టు చూడదు. పురసంఘం లెక్కల్లో నా పేరు పక్కన ఏముందో చూసుకుంటుంది. అంతే.

అయినా కాయను అని ఏం లాభం? దానికి నేర్పింది ఈ ఊరే. నేను ఎదురైతే వీరభద్రం గారు ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుని, లోపలికి వెళ్ళి, కాసేపు కూర్చుని బయల్దేరేవారు. పాపం ఈయనకు మతిమరుపు అనుకునేదాన్ని. కేతకి పెళ్ళిలో అక్షింతలు వేయడానికి నన్ను ఎవరూ ఆపలేదు. కానీ పిలిచినవాళ్ళు కూడా లేరు. పందిరి స్తంభం పక్కన నిలబడి చూశాను. మనసు చివుక్కుమంది అనేది చాలా చిన్న మాట. నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం వల్ల దేన్నీ సరిగ్గా చేయలేకపోయాను.

ఈరోజు పొద్దున్నే వీరభద్రం గారు తలుపు తట్టారు. ఆయన వెనక మా వీధి జనంలో సగంమంది ఉన్నారు.

"అక్కగారూ, తవరు రోజూ షిఫ్టు వేళకి కాస్త వీధిలోకి రావాలండీ," అన్నారు చేతులు కట్టుకుని.

"ఎందుకండీ?"

"ఎదురు రావడానికి."

ఆ మాట అంటూ ఆయన సిగ్గుపడలేదు. పైగా పడక్కుర్చీ కూడా వెంట తెచ్చారు.

నమోదు 7. బుధవారం. ఎండ, చల్లగాలి.

పనిచేస్తోంది.

వీధి మధ్యలో పడక్కుర్చీ, పక్కన చేపల పీట, నెత్తిమీద గొడుగు. కాయలు వీధి మొదట్లోకి వచ్చి నన్ను చూసి ఆగిపోతున్నాయి. లోపలివాళ్ళకు మంచినీళ్ళు ఇస్తున్నాయి. గ్లాసుల మీద గ్లాసులు తాగి మిల్లు జనం ఒకటే అవస్థ. పెద్దబుర్ర మూడురోజులు ఓపిక పట్టి, ఈ వీధి లాభం లేదని వదిలేసుకుంది. ఇప్పుడు మా వీధిలో పిల్లలు గోళీలు ఆడుతున్నారు. ఎవరో అరుగు మీద నిద్రపోతున్నారు. రోజుకో ఇంటినుంచి నాకు కాఫీ వస్తోంది, పులిహోర వస్తోంది. నేను కనబడగానే లోపలికి వెళ్ళినవాళ్ళే ఇప్పుడు నేను కనబడకపోతే కంగారు పడుతున్నారు.

పులిహోర తిన్నాను. కోపం వేరు, పులిహోర వేరు.

సీతారత్నం గారికి ఫోన్ చేసి, "మా వీధిలో కాయే లేదు వదినగారూ, ఇక అమ్మాయిని తెచ్చుకుంటాను," అన్నాను.

"చాలా సంతోషం వదినగారూ. ఏవీ అనుకోకండి, తీసుకెళ్ళడానికి మీ మరదలు శ్యామలని పంపించండి. శుభమా అని బయల్దేరేటప్పుడు మీరు..." అని ఆపేశారు.

కాయే నయం. అదైతే మాట పూర్తి చేసింది.

నా కూతురిని నేను తెచ్చుకోకూడదట. కన్నది నేను. క్రేన్ మీద షిఫ్టు చేసి వచ్చి, చేతుల నూనె కడుక్కుని పాలిచ్చింది నేను. శ్యామలను పంపేది లేదని గట్టిగా అనుకున్నాను. ఫోన్‌లో మాత్రం సరే చూద్దాం అన్నాను, కేతకి అక్కడే ఉంది కనుక.

నమోదు 8. శనివారం. ఎండ.

మా వీధి వదిలేసిన కాయలు ఎక్కడికి పోతాయి? తెడ్ల వీధికి పోయాయి.

కేతకి ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేక మాట రావడం లేదు. "అమ్మా, అత్తయ్యగారు నీలాగే కాయల్ని ఆపుతానని కుర్చీ వేసుకుని రోడ్డు మీద కూర్చున్నారే. ఆవిణ్ణి చూడగానే కాయలన్నీ గంటలు మోగించి దణ్ణాలు పెట్టి మరీ పోతున్నాయి. ఆవిడ లేచి చేతులడ్డం పెడితే, ముత్తయిదువ ఎదురొచ్చింది, శుభం, శుభం అని పాట కూడా పెట్టాయి."

పెద్దబుర్రకు ఆ శుభం బాగా నచ్చింది. తెడ్ల వీధిలో ఎదురు దివ్యంగా ఉంటోందని ఊరి నలుమూలల కాయల్నీ అటే తోలుతోంది. పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళు, పరీక్షలకు వెళ్ళేవాళ్ళు కూడా చుట్టు తిరిగి ఆ వీధినుంచే పోతున్నారట. మా వియ్యపురాలి ముఖం నిండా పసుపు, రూపాయంత బొట్టు, ఆవిడ ముందు కాయల జాతర తలుచుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

తర్వాత కేతకి నవ్వు ఆపి, "గుమ్మం దాటలేకపోతున్నానమ్మా. ఎలా వస్తానో ఏమో," అంది. నాకూ నవ్వు ఆగిపోయింది.

నమోదు 9. మంగళవారం. సాయంత్రం మిల్లువాన.

సీతారత్నం గారు వచ్చారు. కాయలో వచ్చారు, అదే ఆవిడ చేసిన పొరపాటు. నేను కుర్చీలో కూర్చుని మెత్తళ్ళు గిల్లుతున్నాను. ఆవిడ కాయ వీధి మొదట్లో ఆగిపోయింది. వీధి నిశ్శబ్దంగా ఉండడంతో ప్రతి మాటా వినబడింది.

"ఆగావేంటే? పద," అన్నారు ఆవిడ.

"ఎదురు బాగోలేదండీ. కాసిని మంచినీళ్ళు తాగండి."

"ఏం బాగోలేదు? ఎవరూ లేరుగా!"

"హైమవతి గారున్నారండీ. భర్త పోయినావిడ."

"నోర్ముయ్యి!"

"మూశానండీ. మంచినీళ్ళు తాగండి."

ఆవిడ కాయ దిగి నడిచి వచ్చారు. ముఖం పసుపు మీద కూడా ఎరుపు తెలుస్తోంది. అరుగు మీద కూర్చున్నారు. నేను లేచి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చాను. ఏమాటకామాటే, ఇంటికొచ్చిన వియ్యపురాలికి కాఫీ ఇవ్వని మనిషిని కాను.

"అది యంత్రం వదినగారూ. దానికేం తెలుసు," అన్నారు ఆవిడ.

"దానికి తెలియదండీ. మనం చెప్పిందే చెప్పింది. మీరు ఫోన్‌లో సగం చెప్పారు, అది మిగతా సగం చెప్పింది."

ఆవిడ కాఫీ తాగడం మానేశారు. నాకు జాలి వేసింది కానీ మాట వెనక్కి తీసుకోలేదు. గ్లాసు పక్కన పెట్టి ఆవిడే, "మా వీధికి కూడా ఓ పూట వచ్చి కూర్చోండి వదినగారూ. పిల్ల బయటికి రాలేకపోతోంది," అన్నారు.

"తప్పకుండా వస్తాను. నా కూతుర్ని తీసుకెళ్ళడానికి వస్తాను. శ్యామల రాదు, నేనే వస్తాను."

"అది... మా ఆయన్ని ఓ మాట అడగాలి."

ఆవిడ ఆయన, అంటే మా వియ్యంకుడు అన్నయ్యగారు, ఇంట్లో ఏ కూర వండాలో కూడా ఆవిణ్ణి అడిగే మనిషి. ఆ సంగతి నాకూ తెలుసు, నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. ఆవిడ నడిచే ఇంటికి వెళ్ళిపోయారు.

నమోదు 10. శుక్రవారం. ఎండ.

మిల్లు షిఫ్టులు ఆలస్యమవుతున్నాయని ఎవరో ఫిర్యాదు చేసినట్టున్నారు, కాయల కంపెనీనుంచి జోషిత అని ఒక ఇంజనీరు పిల్ల వచ్చింది. ఆ పిల్ల కాయ కూడా ఆగిపోవడంతో, దిగి, చెమటలు కక్కుకుంటూ నడిచి వచ్చింది. నా ముందు నిలబడి, "క్షమించండమ్మా. ఇది ఎప్పుడో పాతవాళ్ళు నేర్పించింది. ఇందులో ఇలాంటిది ఉందని మాకు తెలియదు. మిమ్మల్ని చూసి ఆగకుండా తీసేస్తాం," అంది. ఆ పిల్ల నిజంగానే బాధపడింది.

ఎక్కడినుంచి విన్నారో వీరభద్రం గారు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"తీసేస్తారా? మా ఆచారం తీసేయడానికి మీరెవరండీ? తాతల నాటినుంచీ వస్తున్న శకునం! ముట్టుకుంటే ఊరుకునేది లేదు!"

"అది అమ్మగారికి అవమానం కదండీ," అంది పిల్ల.

"అవమానమేంటమ్మా? మేం కుర్చీ వేసి కూర్చోబెట్టి కాఫీలిస్తుంటే! ఆవిడ మా వీధికి అండ!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "వీరభద్రం గారూ," అన్నాను, "నా మొగుడు పోవడం మీ వీధికి స్పీడ్ బ్రేకరా?"

వీధి వీధంతా నేల చూపులు చూసింది. ఆయన మెల్లగా లుంగీ దించుకున్నారు. "తప్పైపోయిందక్కగారూ," అన్నారు, ఈసారి నిజంగానే సిగ్గుపడి.

ఆ తర్వాత నేను జోషితతో మాట్లాడాను. నేను చెప్పినది పురసంఘంవారి కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆగడం తీసేయొద్దమ్మా. నేను రేవులో క్రేన్ నడిపాను. కొక్కెం కింద మనిషి కనబడితే ఆపేసేదాన్ని. వాడికి పెళ్ళయిందా, పెళ్ళాం బతికుందా అని అడిగి ఆపలేదు. నన్ను చూసి ఆగినట్టే ఈయన్ని చూసి ఆగమను. ఈయన భార్యని చూసి ఆగమను. గోళీలాడే పిల్లల్ని చూసి ఆగమను. మనిషి రోడ్డుమీద అడుగు పెడితే చాలు, ఆగిపోవాలి."

"అందరికీ ఆగితే మిల్లుకి ఎప్పుడు చేరతారమ్మా?"

"పెద్ద వంతెన మీదుగా చేరతారు. దాన్ని కట్టింది అందుకే."

పిల్ల నవ్వింది. పైవాళ్ళను ఒప్పించాలి, కొంత కాలం పడుతుంది, అప్పటిదాకా కాయలు ఇలాగే ఉంటాయి, ఓర్చుకోండి అని చెప్పి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వీరభద్రం గారు గొడుగు పట్టుకుని వీధి చివరిదాకా ఆ పిల్లను సాగనంపారు.

నమోదు 11. గురువారం. ఎండ. మిల్లువాళ్ళు వాన వదలలేదు.

ఏడో నెల వచ్చిన కేతకిని తెచ్చుకోవడానికి పంతులుగారు పెట్టిన ముహూర్తం సరిగ్గా షిఫ్టు వేళకు పడింది. ఆయన మిల్లు షిఫ్టులు చూసి ముహూర్తాలు పెట్టరు. సీతారత్నం గారినుంచి అవుననీ కబురు రాలేదు, కాదనీ రాలేదు. నేను చీర మార్చుకుని బయల్దేరాను. శ్యామల కూడా పసుపుకుంకాల పళ్ళెం పట్టుకుని నా వెంట వచ్చింది. "ఎందుకైనా మంచిది వదినా," అంది. అది నా మేలు కోరే మనిషే, అందుకే వద్దనలేదు.

తెడ్ల వీధిలోకి తిరగగానే కాయలు వరద నీళ్ళలా వస్తున్నాయి. శ్యామల రెండడుగులు నాకంటే ముందుకు వేసింది. కాయలు దాన్ని చూసి గంటలు మోగించి హుషారుగా మీదకు వచ్చాయి. అది కెవ్వుమని నా వెనక్కి దూకింది. నేను ముందు నడిచాను. అన్నీ ఆగాయి. వియ్యాలవారి గుమ్మందాకా అలాగే వెళ్ళాం.

గుమ్మంలో కేతకి నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర, చేతులనిండా గాజులు, నిండుగా ఉంది నా తల్లి. అన్నయ్యగారు పెట్టె పట్టుకున్నారు. అల్లుడు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. నేను గోడవారగా నిలబడ్డాను. ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ళుగా అలవాటైపోయింది, కాళ్ళు వాటంతటవే పక్కకు పోయాయి.

నేను పక్కకు తప్పుకోగానే కాయలు మళ్ళీ మొదలయ్యాయి. సీతారత్నం గారు ఎదురు రావడానికి వీధిలోకి దిగారు. కాయలన్నీ శుభం, శుభం అని పాట అందుకుని ఆవిడ చుట్టూ ముసిరాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మెట్టు మీదకు గెంతారు. శ్యామల ప్రయత్నించింది. దానికి ఇంకా పెద్ద పాట పెట్టాయి. ముహూర్తం దాటిపోతోందని అన్నయ్యగారు గుమ్మంలోంచి కేకలు పెడుతున్నారు.

కేతకి మాత్రం కంగారు పడలేదు. పొట్టమీద చెయ్యి వేసుకుని, "అత్తయ్యగారూ, మా అమ్మ ఎదురొస్తేనే నేను గడప దాటతాను. లేకపోతే ఇక్కడే కనేస్తాను," అంది.

సీతారత్నం గారు దాని వైపు చూశారు. కాయల వైపు చూశారు. గోడవార నిలబడ్డ నా వైపు చూశారు. మెట్టు దిగి, శ్యామల చేతిలోంచి పళ్ళెం తీసుకుని, నా దగ్గరకు వచ్చి నా చేతుల్లో పెట్టారు. వీధి వీధంతా వినేలా, "వదినగారూ, మీరే ఎదురు రండి," అన్నారు.

ఏవీ అనుకోకండి అనలేదు. అవసరం కొద్దీ అన్నారో మనసుతో అన్నారో నాకు తెలియదు. రెండూ కలిసే ఉంటాయి. నేను సరేనని తల ఊపాను.

పళ్ళెం పట్టుకుని వీధి మధ్యకు వెళ్ళాను. ఈ చివరినుంచి ఆ చివరిదాకా కాయలు ఆగిపోయాయి. లోపల మిల్లు జనమంతా తలుపులు తీసుకుని, చేతుల్లో మంచినీళ్ళ గ్లాసులతో మమ్మల్నే చూస్తున్నారు. ఎవరో కుర్రాడు గ్లాసు పైకెత్తి, "కానివ్వండమ్మా, మేం ఆగుతాం," అని అరిచాడు.

కేతకి కుడికాలు ముందుపెట్టి గడప దాటింది. నేను దానికి ఎదురు నడిచాను.